ఆకుపై నిలిచిన తడి

పుష్య మాఘములలో వరిచేలమీద మంచు దట్టముగా పడి, ప్రొద్దు బారెడెక్కువరకును ఆకులు తడి యారకయుండు దినములు నాలుగైదు వరుసగా వచ్చినచో, దాళ్వా వరి నాటిన రైతు మనస్సున ఒక శంక పొడసూపును. వారము తిరుగునంతలో ఆ శంక నిజమై, రెండు కొనలును సూదిగా సన్నగిల్లి, నడుము వెడల్పై, అంచున గోధుమవన్నెయు మధ్య బూడిదవన్నెయు గల మచ్చలు ఆకులమీద కానవచ్చును; అవి పెరిగి, ఒండొంటితో కలిసి, చేనంతయు మంట తగిలినట్లు మాడిపోవును. రైతులు దీనిని అగ్గితెగులందురు. పైరు ఈనిన తరువాత ఈ తెగులే వెన్ను మొదట సోకినచో, అచ్చోట కణుపు నల్లబడి, వెన్ను విరిగి వ్రేలాడి, గింజ పాలుపోసికొనక తాలుగా మిగిలిపోవును. అపుడు దీనిని మెడవిరుపు అందురు.

ఇందలి వింత యేమనగా, గట్టున కీవలి చేను మాడిపోగా ఆవలి చేను పచ్చగా నిలిచియుండుట కద్దు. విత్తన మొకటే, నేల యొకటే. రెండింటిమీదుగా వీచిన గాలియు నొకటే, ఆ గాలిలో తేలివచ్చిన తెగులు బీజములును అవియే. అయినను ఒక చేను చెడి, వేరొక చేను బ్రదుకుటకు హేతువేమి? తెగులు విత్తనములో నున్నదా, గాలిలో నున్నదా, మందు చల్లకపోవుటలో నున్నదా యని వెదకువారు తరచుగా చూడక విడుచునది ఆకుమీది నీటిబొట్టు. ఆ బొట్టు ఎన్ని గంటలు నిలిచినది అను విషయము తెలిసినచో, ఈ చిక్కుముడి చాలవరకు విడిపోవును.

శిలీంధ్రము బ్రదుకు తీరు

అగ్గితెగులును కలిగించునది ఒక శిలీంధ్రము. శిలీంధ్రమునకు పచ్చదనము లేదు. సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసికొను శక్తి దానికి లేదు. కంటికి కానరాని సన్నని దారములుగా అది వ్యాపించి, తన చుట్టునున్న పదార్థమును తాను విడిచెడు రసములచే కరగించి, ఆ కరగినదానిని పీల్చుకొని జీవించును. వీనిలో అత్యధికసంఖ్యాకములు రాలిన ఆకులను, ఎండిన కొమ్మలను కుళ్ళజేసి మరల మట్టిలో కలుపు ఉపకారులే. ప్రాణముతోనున్న మొక్కపై పడు జాతులు వానిలో కొన్నిమాత్రమే. అయినను మొక్కలకు కలుగు వ్యాధులలో సింహభాగము ఆ కొన్నింటివలననే కలుగుచున్నది.

శిలీంధ్రము సంతానమును వ్యాపింపజేయునది బీజములద్వారా. ఇవి ధూళికన్న సూక్ష్మములు; గాలికి తేలియు, వానచినుకు తాకిడికి చిమ్మబడియు, పురుగుల కాళ్ళకు అంటుకొనియు నలుదిక్కులకు పోవును. ఒక్క అగ్గితెగులు మచ్చనుండియే ఒక్కరాత్రిలో వేలకొలది బీజములు వెలువడును. ఇట్లు వెలువడినవన్నియు మొలకెత్తినచో భూమిమీద వరిమొక్క మిగులదు. అవి మొలకెత్తకపోవుటకు ముఖ్యకారణము వానికి తగినంతసేపు నీరు లభింపకపోవుటయే.

ఒక్క రాత్రిలో జరుగు పని

అగ్గితెగులు శిలీంధ్రము బీజములను విడుచునది విశేషముగా అర్ధరాత్రికిని తెల్లవారుటకును నడుమ. ఆకుమీద మంచు పట్టు వేళ యదియే. మూడు గదులతో, ఇంచుమించు బేరిపండు ఆకారముతో నుండు ఆ బీజము ఆకుమీద వ్రాలగానే తన కొననుండి ఒక జిగురును విడిచి, మైనపుపూతచే నునుపుగానున్న ఆకును గట్టిగా పట్టుకొనును. కొలదిగంటలలో దానినుండి సన్నని మొలక వెడలి, కొంత ప్రాకి, ఆకు పైభాగము గట్టిగా, నునుపుగా నున్నదని గ్రహించి ఆగి, తన కొనను గుండ్రని బుడిపెగా ఉబ్బించును. ఈ బుడిపె వెడల్పు మిల్లీమీటరులో సుమారు నూరవవంతు.

వరి ఆకు పైపొర సామాన్యమైనది కాదు. మైనముతోడను, ఇసుకలోని సిలికా పదార్థముతోడను అది దృఢమై యుండును. దానిని ఇంత సూక్ష్మజీవి ఛేదించుటకు ఆధారము నీరే. ఎండుద్రాక్షను నీట వేసినచో, లోపలి చక్కెర బయటి నీటిని ఆకర్షింపగా పండు ఉబ్బి బిగిసిపోవుట అందరును ఎరిగినదే. శిలీంధ్రపు బుడిపెలోను ఇట్లే జరుగును. బీజములో నిలువయున్న క్రొవ్వును, పిండిపదార్థమును కరగించి బుడిపె తనలో గ్లిజరాలును కూడబెట్టుకొనును. ఆ గ్లిజరాలు బయటి మంచునీటిని లోనికి లాగుకొనును. అయితే ద్రాక్షతొక్కకు సాగెడు గుణము గలదు. ఈ బుడిపె గోడకు అది లేదు. గోడ లోపలివైపున మెలనిను అను నల్లని పదార్థము పూతగా ఏర్పడి, నీటిని రానిచ్చుచు గ్లిజరాలును పోనీయక అడ్డగించును. ఉబ్బుటకు తావులేక, పోవుటకు దారిలేక, లోపలి ఒత్తిడి గంటగంటకు పెరిగిపోవును.

1991లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ ఒత్తిడిని కొలిచి చూడగా, అది వాయుమండలపు ఒత్తిడికి 80 రెట్లవరకు నుండునని తేలినది. మోటారుకారు చక్రములో నింపు గాలి ఒత్తిడికి ఇది 30, 40 రెట్లు. బుడిపె అడుగున మాత్రము గోడ పలుచగా నుండును. ఒత్తిడియంతయు అచ్చోట కేంద్రీకృతమై, సూదివంటి మొలక యొకటి ఆకులోనికి దిగబడును. ఆకేగాక, గట్టి ప్లాస్టిక్కు పొరనుగూడ ఇది తొలువగలదని ప్రయోగములందు కనుగొనిరి.

బీజము వ్రాలుట మొదలు సూది దిగుటవరకు జరుగు ఈ క్రమములో, బుడిపె నల్లబడి గట్టిపడకమున్నే ఆకు ఎండిపోయినచో, శిలీంధ్రము అంతటితో నశించును. ఇదియే రహస్యము. మంచు తెల్లవారకమున్నే ఆరిన రాత్రి బీజములు వచ్చినను రానట్లే. ప్రొద్దెక్కువరకు నిలిచిన రాత్రి స్వల్పముగా వచ్చినను చాలును. లోపల ప్రవేశించిన శిలీంధ్రము నాలుగైదు దినములు కానరాక కణములను తినుచు వ్యాపించి, తరువాత మచ్చగా బయటపడును. ఆ మచ్చ మరల బీజములను విడుచుట ప్రారంభించును. రైతు మచ్చను చూచిన నాటికి దాడి జరిగి వారము కావచ్చినది.

మడిలోని నీరు, ఆకుమీది నీరు

ఇచట మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. మాడిన చేనికిని మాడని చేనికిని భేదమెక్కడ? తరచుగా ఆ భేదము యూరియా బస్తాలో నుండును. నత్రజని అధికమైనచో దుబ్బులు ముమ్మరముగా పిలకలు వేసి, ఆకులు విస్తరించి, చేనిలోనికి గాలియు ఎండయు చొరక, పడిన మంచు ఆలస్యముగా ఆరును. పైగా నత్రజని మిక్కుటమైన ఆకు మెత్తనిదై, దాని పైపొరలో సిలికా తగ్గి, సూది దిగుటకు అనువైనదగును. అనగా రైతు పోసిన ఎరువు శత్రువునకు కాలమును, మార్గమును రెంటిని సమకూర్చినది. చేనిప్రక్క దట్టమైన చెట్లుండి ఉదయపుటెండను అడ్డగించినను, నాటు మరీ దగ్గరగా వేసినను ఫలితమదియే.

ఇంకొక విషయము విపరీతముగా తోచును. మడిలో నీరు నిలిచియున్న వరికన్న నీరు తీసి ఎండగట్టిన వరికే అగ్గితెగులు అధికముగా సోకును. నీటిలో నున్న వేరు సిలికాను సమృద్ధిగా గ్రహించి ఆకును దృఢపరచుటయు, నేల తడియారిన పైరు నీటికొరతచే తన రక్షణశక్తిని కోల్పోవుటయు ఇందుకు కారణములు. మెట్టవరికిని, నీటి వసతి చాలని నారుమళ్ళకును ఈ తెగులు పెద్ద శత్రువగుటకు హేతువిదియే. వేరుచెంత నిలిచిన నీరు రక్షయగుచుండగా, ఆకుమీద నిలిచిన నీరు భక్షించుచున్నది.

> ప్రవేశమునకు మూడు దారులు
>
> అన్ని శిలీంధ్రములును బలప్రయోగముచేతనే లోనికి పోవునవి కావు. కొన్ని అగ్గితెగులువలె పైపొరను ఛేదించుకొని పోవును. కొన్ని ఆకు ఊపిరి పీల్చు సూక్ష్మరంధ్రములగుండా చొరబడును. కాఫీ ఆకులమీది తుప్పుతెగులు ఇట్టిది. కొన్ని గాయములకై వేచియుండును. కోతలో గీరుకొన్న పండును, పురుగు తొలిచిన కాయను, కత్తిరించిన కొమ్మ కొనను ఇవి ఆశ్రయించును. మొదటి రెండు దారులలోను మొలకకు నీటిబొట్టు ప్రాయికముగా అవసరమే; మూడవదానిలో గాయమునుండి ఊరు రసమే ఆ పని చేయును.

సింహళమున 1869లో కనబడిన కాఫీ తుప్పుతెగులు రెండు దశాబ్దములలోపల ఆ ద్వీపపు కాఫీతోటలను నాశనము చేసి, తోటదారులు తేయాకును ఆశ్రయించునట్లు చేసినది. 1880లో అచ్చటికి పంపబడిన మార్షల్ వార్డు అను యువశాస్త్రజ్ఞుడు ఈ శిలీంధ్రము బీజములు ఆకుమీది నీటిబొట్టులో మొలచి, రంధ్రములద్వారా ప్రవేశించుటను సూక్ష్మదర్శినితో వెంబడించి చూచెను. కొండలన్నింటిని ఎడములేక ఒకే పంటతో నింపుట తెగులునకు రాజమార్గము వేయుటయే యని ఆయన గ్రహించెను. అప్పటికి కాలము మించిపోయినది.

గోదావరి డెల్టాలో మొవ్వుకుళ్ళు

తెలుగునాట తెగుళ్ళ విషయమై జరిగిన తొలి గొప్ప పరిశీలనలలో నొకటి తాటిచెట్లను గూర్చినది. ఇరువదవ శతాబ్దారంభమున గోదావరి డెల్టాలో తాటిచెట్లు, వానితోపాటు కొబ్బరిచెట్లు, నడిమి లేతాకు వాడి వంగిపోయి, మొవ్వు దుర్గంధముతో కుళ్ళి, కొలదికాలములో మ్రోడులై నిలువసాగెను. తాటికిని కొబ్బరికిని ఎదుగుదల యంతయు తలలోని ఒక్క మొవ్వునందే యున్నది. వేపవలె చింతవలె ప్రక్కకొమ్మ వేయు శక్తి వానికి లేదు. మొవ్వు చచ్చినచో, కాండము ఎంత బలముగా నున్నను, చెట్టు చచ్చినదే.

బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా నుండిన ఇ. జె. బట్లరు ఈ తెగులును పరిశీలించి, దానికి హేతువైన జీవిని 1907లో లోకమునకు వెల్లడించెను. నేడు ఫైటాఫ్తొరా పామివోరా అని పిలువబడు ఆ జీవికి శాస్త్రలోకములో జన్మస్థానము మన గోదావరి తాటితోపులే. వర్షర్తువులో మట్టల మొదళ్ళ నడుమ నీరు దినములకొలది నిలిచియుండును. ఈ జీవి బీజములు ఆ నీట పగిలి, రెండేసి తోకలుగల సూక్ష్మబీజములను విడుచును. అవి ఆ నీటిలో ఈదుచు లేతకణజాలమును చేరి, అచ్చట కుదురుకొని మొలకెత్తును. ఈదుటకు నీరు లేనిచో అవి నిరుపయోగములు. వానలకాలమున తెగులు చెలరేగి, వేసవిలో మందగించుటకు ఇదియే హేతువు.

అపుడు ప్రభుత్వము చేపట్టిన ఉపాయము సరళమైనది, కఠినమైనది: తెగులు సోకిన చెట్లను వెదకి, తలలు నరికి, అచ్చటనే కాల్చివేయుట. ఒక్కరైతు తన తోపున చేసినచో ప్రయోజనము స్వల్పము; ఊరూరను చేసిననే ఫలము. ఈ సామూహికయత్నమే తరువాతికాలపు తెగుళ్ళ నివారణకు పాఠమైనది. నేడు గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో అంతరపంటగా పెంచు కోకో చెట్ల కాయలను నల్లబరచి కుళ్ళించునదియు ఈ జీవియే. పైన కొబ్బరి నీడ, క్రింద కోకో నీడ, నడుమ ఆరని తేమ. శతాబ్దము గడచినను దాని కోరిక మారలేదు.

> శిలీంధ్రము కాని శిలీంధ్రము
>
> రూపమున, వర్తనమున శిలీంధ్రమువలె కనబడినను, మొవ్వుకుళ్ళు జీవి వంశమును విచారింపగా అది సముద్రపు గోధుమవన్నె పాచికి దూరపు చుట్టమని తేలినది. శిలీంధ్రముల కణముల గోడలు పీతలు రొయ్యల పెంకులలోని కైటినుతో నేర్పడియుండగా, దీని గోడలు మొక్కలలోవలె సెల్యులోజుతో కట్టబడినవి. ఈ భేదము గ్రంథములకు పరిమితము కాదు. అసలు శిలీంధ్రములను చంపు మందులలో కొన్ని దీనిపై పనిచేయవు. తెగులు ఏ వంశముదో తెలియక మందు కొనుట వలన ధనము వ్యర్థమగునది ఇచ్చటనే.

తడి నొల్లని బూడిదతెగులు

ఇంతవరకు చెప్పిన సూత్రమునకు ఒక ముఖ్యమైన అపవాదము గలదు. మామిడిపూత మీదను, మినుము ఆకులమీదను, గులాబి చిగుళ్ళమీదను తెల్లని పొడి చల్లినట్లు కనబడు బూడిదతెగులు నీటిబొట్టును కోరదు. దాని బీజములు తమకు కావలసిన నీటిని తమలోనే మోసికొనివచ్చును. గాలిలో తేమ యున్నచో పొడి ఆకుమీదనే మొలకెత్తును. నీటమునిగిన బీజములు దెబ్బతినును గూడ. పగలు పొడిగా వెచ్చగా, రాత్రులు చల్లగా తేమగా నుండు కాలము దీనికి అనుకూలము. గట్టివాన కురిసిన తరువాత ఈ తెగులు కొంత తగ్గినట్లు కనబడుట అందువలననే. అట్లే వేరును ఆశ్రయించి నీటినాళములను మూసివేయు ఎండుతెగుళ్ళు నేలలో నుండి వచ్చునవి. ఆకుమీది తడితో వానికి పని లేదు. అరటియందును, కందియందును రైతును బాధించునవి ఇట్టివే. కావున మచ్చ చూచినంతనే నివారణకు దిగక, తెగులు ఏ మార్గమున వచ్చినదో ముందు నిర్ణయించుట వివేకము.

పూలమొక్కలయందు

వాకిట నాలుగు గులాబికుండీలు పెంచు గృహిణికిని, కడియపులంకలో వేలకొలది మొక్కలను పెంచు నర్సరీదారునకును సమస్య యొక్కటే. గులాబి ఆకులమీద అంచులు చీలినట్లుండు నల్లని మచ్చలు పడి, ఆకు పసుపెక్కి రాలిపోవు నల్లమచ్చతెగులు సోకుటకు ఆకు కనీసము ఏడుగంటలు ఎడతెగక తడిగా నుండవలెను. సాయంకాలము చల్లపూట యని గొట్టముతో మొక్క నెత్తిన నీరు పోయువారు, ఆకు రాత్రియంతయు ఆరకుండునట్లు చేసి, ఆ ఏడుగంటలను తామే సమకూర్చుచున్నారు. అదే నీటిని ఉదయమున మొక్క మొదట పోసినచో, ఆకు తడవదు. తడిసినను ఎండకు గంటలో ఆరిపోవును. కుండీల నడుమ జానెడు ఎడముంచుట, రాలిన ఆకులను ఏరివేయుట, అడుగాకులను తీసి గాలికి దారి యిచ్చుట, ఇవి ఖర్చులేని మందులు.

మందు చేయునది, చేయలేనిది

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమున, బాటసారులు ద్రాక్షపండ్లను కోసికొనకుండుటకై తోటదారులు బాటప్రక్క తీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లుట ఆచారమై యుండెను. ఆ తీగెలకు మాత్రము బూజుతెగులు సోకకుండుటను 1882లో గమనించిన ఆచార్య మిలార్డే, ప్రయోగములు సలిపి, 1885లో ఈ మిశ్రమమును ప్రకటించెను. నేటికిని కొబ్బరి, పోక, కాఫీ తోటలలో వాడుకలోనున్న బోర్డో మిశ్రమమిదియే. ఆకుపై పలుచని పొరగా నిలిచి, నీటిబొట్టులో రాగిని కొద్దికొద్దిగా కరగించి, మొలకెత్తబోవు బీజమును ఇది చంపును. లోపల ప్రవేశించిన శిలీంధ్రమును ఇది తాకజాలదు. కావున దీనిని చల్లవలసినది మచ్చలు పడకమున్నే.

> బోర్డో మిశ్రమము, పదిలీటర్లకు
>
> 100 గ్రాముల మైలుతుత్తమును మట్టిపాత్రలోగాని ప్లాస్టిక్కు పాత్రలోగాని 5 లీటర్ల నీటిలో కరగింపవలెను. వేరొక పాత్రలో 100 గ్రాముల పొడిసున్నమును 5 లీటర్ల నీట కలుపవలెను. మైలుతుత్తపు నీటిని సున్నపునీటిలో పోయుచు కలియబెట్టవలెను. మెరుగుపెట్టిన ఇనుపకత్తిని నిమిషముసేపు ముంచి తీసినపుడు దానికి ఎర్రని రాగిపూత పట్టినచో, ఇంకను సున్నము చాలదని అర్థము. కలిపిన దినముననే వాడవలెను, నిలువయుంచినది పనిచేయదు.

ఆధునిక రసాయనములలో అగ్గితెగులుపై వాడు ట్రైసైక్లజోలు చేయు పని మన కథకు చక్కని నిదర్శనము. అది శిలీంధ్రమును సూటిగా చంపదు. బుడిపె గోడలో మెలనిను పూత ఏర్పడకుండ చేయును. పూత లేనిచో గ్లిజరాలు కారిపోవును, ఒత్తిడి పెరుగదు, సూది దిగదు. శిలీంధ్రము ఆకుమీద బ్రదికియుండియే అశక్తమగును. అయితే ఇదియు ప్రవేశమునకు ముందుండవలసినదే.

చేను ఎల్ల, ఊరు ఎల్ల

తెగులును తట్టుకొను వంగడములను వేయుట అన్నిటికన్న చౌకైన ఉపాయమనుటలో సందేహము లేదు. వియత్నాము దేశపు టెటెప్ వంటి పాత రకములనుండి రోగనిరోధకగుణమును సేకరించి, మన శాస్త్రజ్ఞులు నూతనవంగడములలో ప్రవేశపెట్టుచున్నారు. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరి, బియ్యపు నాణ్యతచే తెలుగు పళ్ళెములన్నింటిని ఆక్రమించినను, అగ్గితెగులునకు లోబడునదే. దానినే ప్రతి ఊరను, ప్రతి మడిలోను వేయుచున్నాము. పోనీ, ఒక్క నిరోధకగుణము గల వంగడమునైనను విస్తారముగా వేసినచో, శిలీంధ్రములో ఆ గుణమును జయించు క్రొత్త తెగ కొలదిసంవత్సరములలోనే బలపడును. సింహళపు కాఫీకొండలలో వార్డు గ్రహించిన ప్రమాదమిది. పంట వేరైనను న్యాయమొక్కటే.

కావున నివారణను చేనిగట్లతో ఆపివేయరాదు. నత్రజనిని ఒక్కమారు కుమ్మరింపక దఫాలుగా వేయుట, నాటులో గాలికి బాటలు విడుచుట, పైరును ఎండగట్టకుండుట, ఒక్కొక్క రైతు చేయగలిగినవి. గట్లమీది గడ్డిజాతి కలుపును తీసివేయుట, ఊరిలో రెండుమూడు వంగడములను కలిపి సాగుచేయుట, మచ్చ మొదట కనబడిన చేనివాడు సిగ్గుపడక తోడివారికి తెలుపుట, ఊరంతయు చేయవలసినవి. బీజము గాలిపాలైన తరువాత దానికి పట్టాదారు పేరు తెలియదు. గోదావరి తాటితోపులలో పెద్దలు నేర్చిన ఈ పాఠమును, మందుసీసాలు చవుకయైన మన కాలము మరచినది. అగ్గితెగులు వచ్చిన ఏట మొదట పిలువవలసినది మందు దుకాణదారుని కాదు, ఇరుగుపొరుగు రైతులను.